వద్దన్న మాట

రేపల్లె గ్రంథాలయంలో అబ్దుల్ వహాబ్ ఏళ్ల తరబడి చేసిన పని పుస్తకాల మీద తేదీ ముద్ర గుద్దడం. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ చేతి అలవాటు పోలేదు. మీట నొక్కమంటే గుద్దేవాడు. తెనాలిలో శిక్షణ ఇచ్చిన హుమేరా అనే అమ్మాయి, "అంకుల్, అది ముద్ర కాదండి, ముట్టుకుంటే చాలు" అని నవ్వేది. యాభై దాటిన మనిషిని చూసి కూతురి వయసు పిల్ల నవ్వితే ఉడుక్కోకుండా ఎలా ఉంటాడు? ఉడుక్కున్నాడు. ఆ ఉడుకుమోత్తనంతోనే నేర్చుకున్నాడు.

మెయిలు పంపడం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం వచ్చింది. అప్పట్లో నెట్‌లో అందరూ కలుసుకునే ఆర్కుట్‌లో గ్రంథాలయం పేరున ఒక కమ్యూనిటీ కూడా తెరిచాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దున తలుపు తాళం తీసింది మొదలు ఆ తెర ముందే కూర్చునేవాడు. "ఇంక ఆ పెట్టెతోనే కాపురం చెయ్యండి" అని ఇంట్లో భార్య వజీరా దెప్పేది.

అంత సంబరం ఎందుకంటే, గ్రంథాలయానికి జనం రావడం మానేసి చాలా కాలమైంది. పేపరు కోసం వచ్చే పింఛనుదారులు, ఫ్యాను కింద కునుకు తీసేవాళ్లు తప్ప ఎవరూ గడప తొక్కేవాళ్లు కాదు. ఈ ఊళ్లో తనతో ఎవరికీ పని లేదన్న దిగులు వహాబ్‌ని లోలోపల తొలిచేసేది.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. వాడరేవు వైపు ఫోన్లు మూగబోయాయి. చీరాలలో నెట్ సెంటర్ నడిపే సీమోను అనే కుర్రవాడిది వాడరేవే. జనరేటర్ పెట్టుకుని, ఏ బోటు ఒడ్డుకు చేరిందో, ఎవరు తిరిగి వచ్చారో ఆర్కుట్‌లో రాస్తూ ఉండేవాడు. అవన్నీ వహాబ్ చదివేవాడు. ఒకనాడు అందులో ఇలా ఉంది: "తాతయ్య బోటు తిరగబడింది. ముగ్గురు వచ్చారు. నాగశివ ఇంకా రాలేదు."

నాగశివ ఎవరో వహాబ్‌కి తెలుసు. తమ ఇంటికి చేపలు తెచ్చే రత్తాలు కొడుకు. మొగుడు పోయాక ఆమె రేపల్లెలో గంప ఎత్తుకుని బతుకుతోంది. కొడుకు వాడరేవులో తాతయ్య అనే మేనమామతో కలిసి చేపల వేటకు వెళ్తాడు. ఆమెకు ఆ ఒక్కడే.

వహాబ్ కబురు పంపితే రత్తాలు పరుగున వచ్చింది. చదువురాని మనిషి, గ్రంథాలయం మెట్లు ఎక్కడం అదే మొదలు. పింఛనుదారులు నీచు వాసనకు ముక్కులు చిట్లించారు. వహాబ్ వాళ్లని కసిరి, ఆమెకు తన కుర్చీయే వేశాడు.

అప్పటినుంచి ఆమె రోజూ వచ్చేది. నాగశివ తల్లి తన దగ్గరే కబురు కోసం కూర్చుంటోందని వహాబ్ సీమోనుకి రాశాడు. "మావోడు వచ్చాడేమో ఆ టీవీలో చూడన్నయ్యా."

"ఇంకా దొరకలేదు చెల్లెమ్మా" అన్నాడు వహాబ్ ఒకసారి.

రత్తాలు మొహం పాలిపోయింది. "ఆ మాట అనబాకన్నయ్యా. వచ్చాడా, రాలేదా, అదే చెప్పు."

"రెండూ ఒకటే గదమ్మా?"

"మీకు ఒకటేనేమో" అని లేచి వెళ్లిపోయింది.

వహాబ్ వృత్తిలో దొరకడం కన్నా తియ్యని మాట లేదు మరి. లెక్క తేలని పుస్తకం ఏ బీరువా వెనకో కనిపిస్తే, "దొరికింది" అని ఎర్రసిరాతో రాసుకుని, ఆ పూట ఒక టీ ఎక్కువ తాగేవాడు. సముద్రం మీద బతికేవాళ్లకు వంద పట్టింపులు, అందులో ఇదొకటి అనుకున్నాడు. ఎందుకని అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఆమె ముందు ఆ మాట వాడకూడదని మాత్రం గట్టిగా పెట్టుకున్నాడు.

సంగతి ఊళ్లో పాకింది. లైబ్రరీ సాయిబుగారి దగ్గర తుఫాను కబుర్లు తెలుస్తాయని జనం రావడం మొదలెట్టారు. బెంచీలు చాలక నిలబడ్డారు. నిజం దాచడం దేనికి, ఆ రోజుల్లో వహాబ్ సంతోషంగా ఉన్నాడు. ఒక తల్లి ఏడుపు పక్కనే కూర్చుని సంతోషంగా ఉన్నాడు.

ఒక పొద్దున సీమోను రాసింది కనిపించింది: "నాగశివ దొరికాడు. బాపట్ల ఆస్పత్రికి తెచ్చారు. వాళ్లమ్మకి తోడుండి తీసుకురండి సార్."

వహాబ్ గుండె ఉప్పొంగింది. ఆస్పత్రి అంటే ఉప్పునీళ్లు తాగి నీరసించి ఉంటాడు, సెలైన్ ఎక్కిస్తూ ఉంటారు. వెంటనే మీటలు గుద్దాడు: "గ్రంథాలయం తరఫున శుభవార్త. నాగశివ క్షేమం." కుర్చీలోంచి లేచేలోపే ఎవరెవరో అభినందనలు పంపారు. అవి రెండుసార్లు చదువుకుని, రత్తాలు ఇంటికి పరుగు తీశాడు.

"వచ్చాడు చెల్లెమ్మా! నీ కొడుకు వచ్చాడు! బాపట్ల ఆస్పత్రిలో ఉన్నాడు!"

రత్తాలు ఉన్నచోటే కూలబడింది. తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "వచ్చాడనే రాశారా అన్నయ్యా?"

"వచ్చాడనే రాశారమ్మా" అన్నాడు వహాబ్. ఆమె వద్దన్న మాట గుర్తుపెట్టుకున్నందుకు తనను తాను మెచ్చుకున్నాడు.

ఆమె కొన్నాళ్లుగా వెలిగించని పొయ్యి వెలిగించింది. కొడుక్కి ఇష్టమని చేపల పులుసు కాచి, అన్నంతో క్యారేజీ కట్టింది. పండక్కి కొనిపెట్టిన కొత్త చొక్కా సంచిలో పెట్టుకుంది. వీధిలో ఎదురైన ప్రతివాళ్లకూ, "మావోడు వచ్చాడంట!" అని చెప్పింది.

భట్టిప్రోలు మీదుగా తెనాలి వెళ్లి, అక్కడ రైలెక్కారు. నీళ్లలో పడిపోయిన వరిచేలు కిటికీ పక్కన వెళ్తూనే ఉన్నాయి. రత్తాలు వాటిని చూడలేదు. "ఇంక వాణ్ణి వేటకి పంపను. ఏ ఐసు ఫ్యాక్టరీలోనో పెట్టించు అన్నయ్యా" అంది. "పెట్టిద్దాం లేమ్మా" అన్నాడు వహాబ్. క్యారేజీ తొణకకుండా ఆమె బాపట్ల దాకా ఒళ్లోనే పెట్టుకుంది.

ఆస్పత్రి గేటు దగ్గర ఒక కుర్రవాడు ఎదురొచ్చాడు. "లైబ్రరీ సార్ మీరేనాండి? నేను సీమోనుని."

"మావోడిది ఏ మంచం బాబూ?" అని రత్తాలు ముందుకు తోసుకొచ్చింది.

సీమోను ఆమె చేతిలో క్యారేజీ చూశాడు. సంచిలోంచి కనిపిస్తున్న కొత్త చొక్కా చూశాడు. తర్వాత వహాబ్‌ని చూశాడు.

"చెప్పలేదా సార్?" అన్నాడు గొంతు తగ్గించి. "దొరికాడని రాశాను గదండీ."

ఎంత తగ్గించినా ఆ మాట ఆమె చెవిన పడింది. నెమ్మదిగా వహాబ్ వైపు తిరిగింది.

"వచ్చాడనే రాశారన్నావే."

"దొరికాడంటే... కనపడ్డాడనుకున్నానమ్మా. నువ్వు ఆ మాట వద్దన్నావని..."

"సముద్రం మీద తప్పిపోయినోడు ఊపిరితో తిరిగొస్తే వచ్చాడంటాం. ఊపిరి పోయి ఒడ్డుకి కొట్టుకొస్తే దొరికాడంటాం. అందుకే వద్దన్నాను."

సీమోను తలవంచుకుని, "పొద్దున్నే ఒడ్డున కనిపించాడండి" అన్నాడు.

"వాళ్లు చెప్పిందే చెప్పుంటే పొయ్యి వెలిగించేదాన్నా?" అంది రత్తాలు. గొంతులో కోపం లేదు. అది వహాబ్‌ని ఇంకా కోసింది. "బిడ్డ శవం అక్కడుంటే పులుసు కాచాను. ఉప్పు సరిపోయిందా అని రుచి కూడా చూశాను. శవాన్ని పెట్టుకుని ఏ తల్లైనా తింటదా?"

క్యారేజీ వహాబ్ చేతికిచ్చింది. కొత్త చొక్కా మాత్రం తీసుకుని సీమోను వెంట ఆస్పత్రి వెనక్కి నడిచింది. నాలుగడుగులు వేశాక ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఊరందరికీ వచ్చాడని చెప్పాను. ఇప్పుడు వాళ్లకి ఏ మాట చెప్పమంటారు సారూ?"

ఎన్నేళ్లుగానో అన్నయ్యా అని పిలిచిన మనిషి అతన్ని సారూ అనడం అదే మొదటిసారి. వహాబ్ చేతిలో క్యారేజీ ఇంకా గోరువెచ్చగా ఉంది.