మలుగు చేప కునుకు

ఫెబిది ఒకచోట కుదురుగా ఉండే ఒళ్లు కాదు. వాళ్ళమ్మ సంతోషకుమారి ఐర్లండ్‌లోని డండాక్‌లో నర్సు; అరగంటకోసారి పేషెంటుని చూసి రాకపోతే ఆవిడకి అన్నం సయించదు. ఆ బుద్ధే కూతురికీ వచ్చింది. కాకపోతే కూతురి పేషెంటు ఒక మలుగు చేప.

పాములా పొడుగ్గా ఉండే ఆ చేప నెత్తిన చిక్కుడు గింజంత యంత్రం అతికించారు. చేప ల్యాబు తొట్టిలో ఇష్టమొచ్చినట్టు ఈదుతుంటే, దాని మెదడులో ఏం జరుగుతోందో అది గీతలుగా రాసుకుంటుంది. మలుగులు రాత్రి తిరిగి పగలు పడుకుంటాయని లోకమంతా అంటుంది. ఫెబి చేప మాత్రం మూడేళ్ళలో ఒక్క పగలూ కునుకు తీయలేదు. ఇది కొత్త సంగతని ఆమె ప్రొఫెసరు మురిసిపోయాడు. ఫెబి థీసిస్ అంతా దానిమీదే నిలబడింది, ఇక పంపడమే తరువాయి.

అదిగో, సరిగ్గా అప్పుడే అమ్మకి కోవిడ్. ఫెబిని పద్నాలుగు రోజులు ఇల్లు కదలొద్దన్నారు. థీసిస్ గడువేమో ఆ పద్నాలుగు రోజులూ అయిన మర్నాడే, సోమవారం. ల్యాబు కేర్‌టేకర్ నోయల్‌ని బతిమాలి, పొద్దున్నే ఇంత మేత వేసి పొమ్మంది. రోజూ ఫోన్ చేస్తే ఆయన "గ్రాండ్" అనేవాడు, అంటే బాగానే ఉందని; రెండో మాట లేదు. ఇంట్లో ఫెబి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అరగంటకోసారి అమ్మ తలుపు తట్టి, ఆక్సిమీటర్ అంకె చదవమని ఆవిడ ప్రాణం తీసింది.

పదిహేనో రోజు పరుగున ల్యాబుకెళ్ళి గీతలు తెరిచింది. యంత్రం పాడైందనుకుంది. పద్నాలుగు పగళ్ళూ గంటలకొద్దీ నెమ్మదైన అలలు. నిద్ర, ఒళ్లెరగని నిద్ర. పాత గీతలు పక్కన పెట్టి చూసింది. వాటిలో అరగంటకోసారి ఉలికిపాటు, తను మూత ఎత్తి తొంగిచూసిన ప్రతిసారీ. అది సద్దుమణిగేలోపే మళ్ళీ మూత. అయ్యో పిచ్చిదానా, మూడేళ్ళు! బూడిదలో పోసిన పన్నీరే.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసింది. "నేను లేకపోతే అది హాయిగా పడుకుందమ్మా."

అమ్మ అంది, "ఏమనుకోకమ్మా ఫెబీ. నువ్విలా గడప దాటావో లేదో, నేనూ రెండు గంటలు పడుకున్నాను. మంచాన పడ్డాక అదే నా మొదటి నిద్ర."

ఫెబి ఏడ్చింది. ఏడ్చి, థీసిస్ తప్పని, చేపని నిద్రపోనివ్వనిది తనేనని ప్రొఫెసరుకి రాసి పంపేసింది. ఒక్కసారి చూసి పోదామని తొట్టి మూత మీద చెయ్యి వేసింది. ఎత్తలేదు. బూట్లు విప్పి చేత పట్టుకుని, గోడవారగా నడిచి బయటికొచ్చేసింది.