మందు కలపని దాణా

వాన పట్టిన మూడో రోజున, గురువారం ఉదయం, మా వసారాలో తొమ్మిది కోడిపిల్లలు చచ్చిపడి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం అవి రెక్కలు వేలాడేసి, మెడలు లోపలికి లాక్కుని ఒక మూల నిలబడ్డాయి. చలికి అనుకుని బల్బు కాస్త కిందికి దించాను. తెల్లవారి తడిసిన ఊక తిరగేస్తే రెట్టలో రక్తం ఉంది.

అవి నా పేరున వచ్చిన పిల్లలు కావు. మా ఊరి ఆడవాళ్ల పొదుపు సంఘానికి పెరటికోళ్లు ఇస్తారని తెలిసినప్పుడు నా భార్య వరహాలు పేరు రాయించుకుంది. అది చైత్రంలో. శ్రావణంలో ఆమె పోయింది. పిల్లలు భాద్రపదంలో వచ్చాయి. పెట్టెలు దింపిన పశువుల ఆసుపత్రి కాంపౌండరు జాబితా చూసి, “వరహాలంటే ఎవరమ్మా? సంతకమా, వేలిముద్రా?” అని అడిగాడు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. చివరికి పక్కింటి కాసులమ్మ, “మాస్టారు పెడతారు బాబూ సంతకం” అంది. పెట్టాను. నా పేరు కాదు, వరహాలు పేరే రాశాను. ఒకే పెట్టెలోంచి కాసులమ్మకు ముప్పై, నాకు ముప్పై పిల్లల్ని ఇచ్చారు.

ఆ మర్నాడు దాణా కోసం ఇద్దరం ఒకే ఆటోలో పలాస వెళ్లాం. ఢిల్లీరావు కొట్టులో రెండు రకాల బస్తాలున్నాయి.

“ఇది మందు కలిపింది. అది కలపనిది,” అన్నాడు ఢిల్లీరావు. “నేలమీద పెరిగే పిల్లలకి రక్తపారుడు వత్తాది మాస్టారూ. ముసురు పడితే మరీని. కలిపిందే పట్టుకెల్లండి.”

“నాకు కలిపిందే ఎత్తు,” అంది కాసులమ్మ.

“నాకు కలపనిది ఇవ్వు,” అన్నాను నేను.

“అదేటి మాస్టారూ. బడికి నర్సమ్మ టీకాలకొత్తే పిల్లల్ని వరస కట్టించి మరీ పొడిపిత్తారు గదా. ఈటికేటి, ఇవి మీ బడిలో సేరనేదనా?” అంది కాసులమ్మ.

ఢిల్లీరావు నవ్వాడు. ఊక పొడిగా ఉంచుకుంటే కలపనిదైనా సరిపోతుందా అని అతన్ని అడిగాను.

“సరిపోతాది. మీ పిల్లోళ్లు మీ మాట ఇన్నట్టు మబ్బు కూడా ఇంటే.”

నేను కలపనిదే తీసుకున్నాను. దానికి కారణం కొట్టులో చెప్పదలుచుకోలేదు.

మా వైపు కిడ్నీ జబ్బు కొత్త కాదు. వీధికొకరైనా కాళ్లు వాచినవారు ఉంటారు. నీళ్ల వల్ల అనేవారున్నారు, జీడితోటల్లో కొట్టే మందు వల్ల అనేవారున్నారు, ఒళ్లు నొప్పులకు మింగే బిళ్లల వల్ల అనేవారున్నారు. వరహాలు పదేళ్లు మోకాళ్ల నొప్పికి బిళ్లలు మింగింది. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి రెండోసారి తిరిగి వచ్చిన రోజున బస్సు దిగి ఇంటికి నడుస్తూ, మధ్యలో ఆగి నాతో అంది: “ఇంక మనింట్లోకి మందన్నది రానీకండి. మనిసికైనా, మొక్కకైనా, కోడికైనా.” సరేనన్నాను. ఆ తర్వాత ఆమె నన్ను ఏదీ ప్రత్యేకించి అడగలేదు. కనుక నేను నిలబెట్టుకోగల మాట అదొక్కటే మిగిలింది.

కాసులమ్మ మంచి మనిషి. నాకు ఆమె అంటే గిట్టదు. వరహాలు మంచం పట్టిన ఏడు నెలలూ నేను బడికి వెళ్లాను. సెలవులన్నీ ఆసుపత్రి ప్రయాణాలకే అయిపోయాయి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు నా భార్య కాసులమ్మది. జడ వేసేది, కాళ్లు పట్టేది, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం నీళ్లు తాగించేది. నేను గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడుకి లోపల మాటలు ఆగిపోయేవి. ఒక్కోసారి ఆగేది నవ్వు. ఏమిటని అడిగితే “ఏటుంది, ఆడోళ్ల ఊసులు” అనేది వరహాలు. నేను నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. నా దగ్గర ఆమె నవ్వలేదని కాదు. అలా నవ్వలేదు.

మొదటి మూడు వారాలు నా పిల్లలూ బాగానే ఉన్నాయి. అయినా కొబ్బరి కమ్మల దడి సందులోంచి కాసులమ్మ కోడిపిల్లల్ని చూసేవాణ్ణి. అవే ఎత్తుగా కనిపించేవి. వాటికే రెక్కల్లో ఈకలు ముందు వచ్చాయనిపించేది. కాసులమ్మ పళ్లెం మీద వేలితో కొడితే ముప్పై పిల్లలూ ఆమె కాళ్ల మీద పడేవి. నేను పిలిస్తే తల ఎత్తి చూసి మళ్లీ ఊకలో గీరుకునేవి. ముసురు పడితే ఆమెవి కొన్ని పోతాయని, అప్పుడు మందు దాణా సంగతి తేలుతుందని అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఎదురుచూశాను.

ముసురు పట్టింది. వసారా కప్పు కారి ఊక తడిసింది. చచ్చినవి నావి.

వానకి ఆ రోజు బడి లేదు. పెరట్లో గొయ్యి తవ్వుతుంటే కాసులమ్మ భర్త సింహాచలం దడి మీదుగా చూశాడు.

“ఏటి మాస్టారూ, వానలో గోతులు? మొక్కలేత్తన్నారా?”

“అవును.”

“ఏ మొక్క?”

“జామ.”

మధ్యాహ్నం కాసులమ్మ వచ్చింది. వజ్రపుకొత్తూరు పశువుల ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చిందట, మోకాళ్ల వరకు బురద. చేతిలో పొట్లం.

“జామ్మొక్కని మావోడు నమ్మీసినాడు. నాను నమ్మనేదు. ఎన్ని పోయాయి?”

“తొమ్మిది.”

“ఈ పొడి నీళ్లల్లో కలిపి పెట్టండి. అయిదు రోజులు ఆ నీళ్లే తాగాల, ఇంకో నీళ్లు పెట్టకండి. ఉన్నయ్యైనా దక్కుతాయి.”

“వద్దు కాసులమ్మా.”

“ఎందుకొద్దు?”

“వరహాలు వద్దంది.” బస్సు దిగిన రోజు మాట చెప్పాను.

కాసులమ్మ పైటచెంగు పిండుకుని అరుగు మీద కూర్చుంది.

“ఆ మాట నాతోటీ అంది. తరవాత మార్సీసింది. ఆషాడంలో నాను కాళ్లు పడతంటే అంది. ‘నాకిది మందు వల్లొచ్చిందో నీళ్ల వల్లొచ్చిందో అంత సదివిన డాట్రుకే తెలీదు. నా రోగం అట్టుకెల్లి కోడిపిల్లల మీద రుద్దడమేటే కాసులూ. పిల్లలొత్తే మందు దాణాయే ఎయ్యి’ అంది. అందుకే నాను అదెత్తన్నాను.”

“నాతో అనలేదు.”

“మీతోటా?” కాసులమ్మకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. “‘మాస్టారికి ఓపాలి సెప్పీసినాక మరి మార్సడానికి నేదే. రెండో మాటకి ఎర్రసిరాతో సున్నా సుట్టీగల్రు’ అంది. ఇద్దరం నవ్వుకున్నాం.”

“ఢిల్లీరావు కొట్లో ఎందుకు చెప్పలేదు?”

“సెప్దునే. మీ మొకం సూసి ఊరుకున్నాను. ఆవిడ మాటలు నా కాడున్నాయంటే మీరు ఓర్సుకోలేరని.”

పొట్లం అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది అబద్ధమని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అది అచ్చంగా వరహాలు మాట్లాడే తీరు. అబద్ధమనుకోగలిగితే పొట్లం విప్పడం తేలికయ్యేది. పక్కింటావిడ ఏదో అంది, పిల్లలు బతికితే చాలు అనుకునేవాణ్ణి. నా భార్య మనసు మార్చుకుందనీ, ఆ మార్పు నాకు తప్ప ఇంకొకరికి తెలుసనీ, ఇప్పుడు ఆవిడే వచ్చి నాకు చెప్పిందనీ తెలిసి, ఆ పొడి కలపడానికి నా చెయ్యి రాలేదు. పొట్లం తీసి లోపల కిటికీలో పెట్టాను. పిల్లలకు మామూలు నీళ్లే పోశాను.

శుక్రవారం ఉదయానికి మరో ఆరు పోయాయి. మిగిలినవాటిలో ఒకటి నిలబడలేక పక్కకి ఒరిగి, ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. అప్పుడు పొట్లం విప్పాను. ఊక మొత్తం ఎత్తి పారేసి పొడిది పరిచాను. ఆ అయిదు రోజుల్లో ఇంకా నాలుగు చచ్చిపోయాయి. పదకొండు నిలిచాయి. ఆదివారం పలాస వెళ్లి మందు కలిపిన దాణా తెచ్చాను.

కాసులమ్మవి ముప్పైకి ముప్పై ఉన్నాయి. నావి ఇప్పుడు దడి కింద దూరి వాటితో కలిసి తిరుగుతాయి. సాయంత్రం ఆమే పట్టి తెచ్చి ఇస్తుంది. మొన్న అలా తెచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని, “తప్పు నాదేను మాస్టారూ. బుదవారమే దడి కాడినుంచి సూసాను, పిల్లలు ముడుసుకున్నాయి. ఆ రోజే పొడి తెచ్చుంటే నాలుగైనా దక్కీవి,” అంది. కళ్లు తుడుచుకుంది. నేను పిల్లల్ని అందుకుని లోపలికి వచ్చాను.

పొట్లం ఒక రాత్రంతా విప్పకుండా ఉంచానని ఆమెకు చెప్పాలి. వరహాలు ఇంకా ఏమేం చెప్పిందో అడగాలి. రెండూ చెయ్యలేదు.