మొదటి గడి

షేక్ నూర్ మహమ్మద్ కువైటుకు వచ్చిన మొదటి నెలలోనే అతని గుర్తింపు కార్డులో ఒక పొరపాటు దొర్లింది. అరబ్బీ కాగితంలో మూడు గడులుంటాయి. మొదటిది మనిషి పేరు, రెండోది తండ్రి పేరు, మూడోది తాత పేరు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు గదా! గుమాస్తా పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే దించేశాడు. దాంతో మనిషి పేరు షేక్ అయింది. నూర్ మహమ్మద్ అతని తండ్రి అయ్యాడు. అతను ఆసుపత్రి ఆఫీసులో టీ కాచేవాడు. అక్కడ షేక్ అంటే రాజవంశంవాడు గదా! "యా షేక్, నీ రాజ్యం ఎక్కడుంది? చక్కెర తక్కువ వెయ్యి" అని అక్కడ అందరూ ఆటపట్టించేవాళ్ళు.

రిగ్గై పేటలో అతనితో ఒకే గదిలో ఉండే రాయచోటి మనిషి చింతకుంట బాలసుబ్బయ్య ఇది తలుచుకుని పగలబడి నవ్వేవాడు. "నీ నాయనవు నువ్వే గదప్పా! నీకు నువ్వే మొట్టికాయ ఏసుకోవాల."

ఇరాక్ సైన్యం వచ్చిన మూడో నెలలో ఒక పొద్దున, రొట్టెల దుకాణం ముందు వరుసలో నిలబడ్డ బాలసుబ్బయ్య నిలబడినచోటే కూలిపోయాడు. నూర్ మహమ్మద్ పనిచేసే ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం లేదు. అక్కడి పాత గుమాస్తా ఎప్పుడో పారిపోయాడు. బాగ్దాదు నుంచి వచ్చిన కొత్తవాడు తొందరలో ఉన్నాడు. "నీకు రాయడం వచ్చా? నువ్వే రాయి. నేను ముద్ర వేస్తాను" అని నూర్ మహమ్మద్ ముందుకు చావు నమోదు ఫారం తోశాడు.

చిన్నప్పుడు మసీదులో దిద్దిన అక్షరాలు అతనివి. బిస్మిల్లా అనుకుని, స్నేహితుడి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని రాశాడు. అరబ్బీలో 'చ' లేదు కాబట్టి మొదటి గడిలో 'షింతకుంట' అని, తర్వాతి దాంట్లో బాలసుబ్బయ్య అని, మూడో దాంట్లో అతని తండ్రి నాగరాజు పేరు. కన్నీరు కాగితం మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంటూ, ఒక్క కొట్టివేత లేకుండా రెండు కాగితాలు పూర్తి చేశాడు.

బాలసుబ్బయ్య ఒక్కగానొక్క కొడుకు శివకుమార్ దూరంగా మంగఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉన్నాడు. దారిలో అన్ని చెక్‌పోస్టులు దాటి అతను వచ్చేసరికి తండ్రిని మట్టిలో పెట్టి మూడు రోజులయింది.

ఇండియాకు ఫోన్లూ టపా ఆగిపోయాయి. తెలిసినవాడు, హైదరాబాదు మునాఫ్ బాగ్దాదు, అమ్మాన్ మీదుగా ఇండియాకు పోతున్నాడు. "చిట్టీ గిట్టీ వద్దు భాయ్" అన్నాడు. "సమజ్ గాని రాత కనబడ్తే చెక్‌పోస్టుల సిపాయిలు చింపేస్తున్నరు. ముద్ర ఉన్న కాగితం ఇయ్యి, బొంబాయిల పోస్టుల ఏస్త."

నూర్ మహమ్మద్ ఒక కాగితం అతనికిచ్చాడు. రాయచోటిలో అరబ్బీ చదివేవాళ్ళకు కొదవ లేదు. బాలసుబ్బయ్య భార్య రమణి వదినకు ఎవరో ఒకరు చదివి చెబుతారు. ఆ మాట తన నోటితో చెప్పే పని తప్పిందని లోపల కొంచెం ఊరట కూడా కలిగింది.

యుద్ధం అయిపోయింది. ఏప్రిల్ వచ్చింది. నూనెబావుల పొగకు మిట్టమధ్యాహ్నమే దీపాలు వెలిగించిన జననమరణాల ఆఫీసులో, శివకుమార్‌ను వెంటబెట్టుకుని, రెండో కాగితం బల్ల మీద పెట్టాడు.

కువైటీ అధికారి ముద్ర చూసి మొహం ముడుచుకున్నాడు. "ఇది వాళ్ళది. మా పుస్తకంలో ఈ చావు లేదు. వాళ్ళ పుస్తకం బాగ్దాదులో ఉంది. మేము అడగం, వాళ్ళు చెప్పరు." తర్వాత కుర్రవాడి మొహం చూసి మెత్తబడ్డాడు. "సరే, కొత్తగా రాద్దాం. పోయినవాడి తండ్రి వచ్చి సంతకం పెట్టాలి. ఈ బాలసుబ్బయ్య ఎక్కడ?"

"పోయింది ఆయనే గదా!"

అధికారి మొదటి గడి మీద వేలు పెట్టాడు. "చదువు, యా షేక్. పోయింది ఇతను. బాలసుబ్బయ్య ఇతని తండ్రి."

నూర్ మహమ్మద్ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చదివాడు. తన కార్డులో పడ్డ తప్పే. ఆరేళ్ళుగా తనే నవ్వుకున్న తప్పు! శ్రద్ధగా, నీ పేరు తలుచుకుని చేసిన పని గదా దేవా, ఎందుకు దొర్లనిచ్చావు?

"ఏమయింది చిన్నాయనా?" శివకుమార్ అడిగాడు.

"ఇంటికి పోయిన కాగితంలో... సచ్చిపోయింది మీ నాయన గాదురా శివా. ఆయన ఒక్క కొడుకు. నువ్వు."

ఇద్దరూ కొత్తగా పెట్టిన ఫోన్ల దగ్గరికి పరుగెత్తారు. రెండు గంటలు వరుసలో నిలబడ్డారు. రమణి ఇంటి పక్క మాబు అంగడిలో ఫోను మోగింది.

"మాబన్నా, నేను శివకుమార్‌ని."

గరగర మధ్య మాబు గొంతు లేచింది. "ఎవుర్రా నువ్వు? సచ్చినోని పేరుతో ఆటలాడతావా? ఆయమ్మ సరిగ్గా తిండి తిని ఐదు నెల్లయింది, తెలుసునా?"

"నేనేన్నా. బతికే ఉండా. మాయమ్మను పిలువు."

పరుగెత్తే అడుగుల చప్పుడు, ఎవరివో కేకలు. తర్వాత రమణి గొంతు. "నాయినా... శివా... నువ్వేనా? ఏదీ, ఇంకోసారి పిలువు."

"అమ్మా."

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "రాండే, రాండే! నా బిడ్డ ఉండాడు!" అని వీధి వీధంతా వినబడేలా అరిచింది. పక్కనే ఉన్న నూర్ మహమ్మద్‌కు కూడా అది వినబడింది. "మీ నాయనకియ్యి ఫోను. పిల్లోన్ని కాపాడుకోలేకపోయినావే అని ఆయప్పను నేను తిట్టని దినం లేదురా. పాపం తగులుతాది నాకు. ఇయ్యి, తప్పయిందని చెప్పుకుంటా."

శివకుమార్ ఫోను నూర్ మహమ్మద్‌కు అందించాడు. ఆ మాట చెప్పే పని ఆరు నెలలు తిరిగి తిరిగి మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది.

"ఏమప్పా, పలకవే?" అంటోంది రమణి. "నా మీద కోపమా?"

నూర్ మహమ్మద్ కళ్ళు మూసుకున్నాడు.

"వదినా, నేను అన్నను గాదు. నూర్ మహమ్మద్‌ని. ఆ కాగితం రాసింది నేనే. అక్కడ కూర్చో వదినా. కూర్చోని విను."