కాళ్ళు పట్టని బండి

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అనేవాళ్ళెవరూ స్కూలు బస్సు నడిపినవాళ్ళు కారు. నేను నడుపుతాను. వెనక బస్సెడు పిల్లలు టాపు లేచిపోయేలా గోల చేస్తుంటే, ముందు ఎవడో సైగ కూడా చెయ్యకుండా అడ్డం తిరుగుతుంటే, నోరు మూసుకుని బండి పోనిస్తాను. నిజంగా నాకు కోపం ఎక్కువే అయితే ఈపాటికి సగం ఊరు ఆసుపత్రిలో ఉండేది. ఆ శనివారం పొద్దున పాత బండ్లు అమ్మే షెడ్డులో నేను అరిచిన మాట నిజమే. అది కోపం ఎక్కువై కాదు, ఓపిక అయిపోయి.

అసలు ఈ బండి మాట మొదట ఎత్తింది నేను. ఒకసారి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళి, చెరువు గట్టున బస్సు ఆపి కూర్చున్నాను. పక్కనే ఒక చిన్న వ్యాను ఆగి ఉంది. వెనక తలుపు తెరిచి, లోపల పరుపు మీద ఒకావిడ పడుకుని పేపరు చదువుకుంటోంది. నా వయసే ఉంటుంది. కాళ్ళు రెండూ బారజాపి, మడమలు గుమ్మం అంచున పెట్టుకుని, లోకంతో పనిలేనట్టు పడుకుంది. అంత తీరుబడిగా కాళ్ళు చాపుకున్న ఆడమనిషిని నేను అంతవరకు చూడలేదు. పిల్లలు వచ్చి బస్సెక్కేవరకూ ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. నాకూ అలాంటిది కావాలనిపించింది. చీరలూ నగలూ చూసినప్పుడు కూడా నాకు అంత ఆశ పుట్టలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే పడీ పడీ నవ్వారు. "ఇల్లుండగా బండిలో పడుకోవడమేంటే?" అన్నారు. తర్వాత ఆయన రిటైరయ్యారు. పొద్దుపోక ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. చూసి చూసి ఒకరోజు నన్ను పిలిచి, "క్యాంపర్ వ్యాన్ అని ఉంటుంది, తెలుసా?" అని నాకే చెప్పారు. అప్పటినుంచి అది ఆయన ఆలోచన అయింది.

మా పాత కారు కూడా అప్పుడే మూలపడింది. రెండు బండ్లు పెట్టుకునే స్తోమతా లేదు, చోటూ లేదు. అందుకని ఒకటే బండి రెండు పనులకీ రావాలి. మామూలు రోజుల్లో నేను డిపోకి వేసుకెళ్ళాలి, అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో టాపు దూలానికి తగలకుండా దూరాలి, సందులో తిరగాలి, కూరగాయల సంచులు పట్టాలి. సెలవులొస్తే సీటు మడిచి పడక చేసుకోవాలి.

ఇంకో సంగతి. మా ఆయనకి డ్రైవింగ్ రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్చుకుంటానని ఎక్కి, వెనక్కి పోనిచ్చి, ఇంటి గేటుని లోపలికి కూలదోశారు. దిగి చూసి, తప్పు గేటుదని తేల్చారు. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు. ఈ బండి రోజూ నడపాల్సిందీ నేనే, ఊళ్ళు తిప్పాల్సిందీ నేనే. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు.

షెడ్డుకి ముగ్గురం వెళ్ళాం. మూడో మనిషి మా బావగారు, ఆయన అన్న. బావగారు బండి నడపడం మానేసి చాలా ఏళ్ళయింది, సలహాలివ్వడం మాత్రం మానలేదు. మేం లోపలికి అడుగుపెట్టగానే మెడకి టై బిగించుకున్న ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు. అమ్మేది ఆయనే. అన్నదమ్ములిద్దరికీ చేతులు కలిపాడు. నాకు కుర్చీ చూపించాడు.

"మేడమ్, మీరు ఫ్యాను కింద కూర్చోండి. కూల్‌డ్రింకు తెప్పిస్తాను."

"నేను బండి చూడ్డానికొచ్చానండీ."

"చూద్దురుగాని మేడమ్, కర్టెన్లు చాలా బాగుంటాయి" అని, తాళం చెవులు మా ఆయన చేతిలో పెట్టాడు. ఆయన వాటిని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పారు. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. సరే, మొదలు పెట్టకముందే ఎందుకులే అని ఊరుకున్నాను.

మీగడ రంగు బండి, పక్కన నీలం గీత. లోపల బొమ్మరిల్లులా ఉంది. చిన్న సింకు, కొళాయి, ఒంటి పొయ్యి, గోడ పొడుగునా అల్మారాలు, కిటికీలకి పూల తెరలు. మా ఆయన వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో నన్నడగకండి. స్టీరింగు అటూ ఇటూ తిప్పి, అద్దాలు సర్ది, "భలే సుఖంగా ఉంది అన్నయ్యా" అన్నారు. బావగారు టైరుని బూటుతో తన్ని తల పంకించారు.

మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా ముందు మగవాళ్ళకి సరిపోతుందో లేదో చూస్తారు. సరిపోతే ఇంటిల్లిపాదికీ సరిపోయినట్టే. నేను మా ఆయన కంటే జానెడు పొడుగు. పెళ్ళి ఫోటోలో ఆయన్ని నిలబెట్టి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఇంట్లో అద్దం ఆయన మొహానికి సరిగ్గా వేలాడుతుంది, అందులో నాకు నా మెడ కనిపిస్తుంది. తల దువ్వుకోవాలంటే వంగాలి. గిన్నెలు కడగాలంటే వంగాలి. ఆయన పక్కన నడవాలంటే, ఎవరూ చెప్పకపోయినా, కాస్త వంగాలి. బస్సులో డ్రైవరు సీటు ఒక్కటే నేను వంగకుండా కూర్చునే చోటు.

టై ఆయన వెనక సీటు మడిచి పడక పరిచాడు. మా ఆయన ఎక్కి వెల్లకిలా పడుకున్నారు. టై ఆయన తలుపు వేశాడు. లోపలినుంచి "అద్భుతం!" అని వినిపించింది. తర్వాత బావగారు కూడా ఎక్కారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఎత్తు. పక్కపక్కన పడుకుని, పూల తెరలు పక్కకి తీసి నాకేసి చెయ్యి ఊపారు.

"చూశారుగా మేడమ్, ఇద్దరికి భేషుగ్గా సరిపోతుంది" అన్నాడు టై ఆయన.

సరిపోయిన ఆ ఇద్దరిలో నేను లేను. అది అక్కడ ఎవరికీ తట్టలేదు. ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ సంతకాలకి ఆఫీసు గది వైపు నడవడం మొదలుపెట్టారు.

"ఒక్క నిమిషం" అన్నాను. "నడిపేది నేను."

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. మీట లాగి సీటు వెనక్కి నెట్టాను. రెండు పళ్ళు జరిగి టక్కున ఆగింది. వెనక సింకు అల్మారా అడ్డం. క్లచ్ తొక్కబోతే మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది.

"ఇది ఇంకా వెనక్కి పోదా?" అన్నాను.

టై ఆయన మా ఆయనకి జవాబు చెప్పాడు. "వెనక సింకుంది కదా సార్. అందుకు."

"అడిగింది నేను."

"అదే మేడమ్, సార్‌కి చెబుతున్నా."

"అలవాటైపోతుందమ్మా" అన్నారు బావగారు. "కొత్తలో అన్నీ అలాగే ఉంటాయి."

నేను దిగి, వెనక్కి వెళ్ళి, చెప్పులు విప్పి పడక మీద పడుకున్నాను. తల అల్మారాకి ఆనించి కాళ్ళు చాపాను. పాదాలు బండి బయటికి వచ్చాయి.

"తలుపు వెయ్యండి" అన్నాను.

"మేడమ్, కాళ్ళు..."

"వెయ్యండి."

టై ఆయన మెల్లగా తలుపు దించాడు. అది వచ్చి నా పాదాలకి తగిలి ఆగిపోయింది. అప్పుడు మా ఆయన వంగి, లోపలికి చూసి, ఎంతో ప్రేమగా అన్నారు.

"కాళ్ళు ముడుచుకోవే. నువ్వెప్పుడూ ముడుచుకునేగా పడుకుంటావు." తర్వాత టై ఆయన వైపు తిరిగి నవ్వారు. "మా ఆవిడకి అదో అలవాటండీ. నిద్రలో పిల్లిలా ముడుచుకుంటుంది."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, ఆ పూట నాకు అక్షరాలా ఎక్కింది. నేను దిగాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఏమన్నారు?"

"ఏమన్నాను? అలవాటు అన్నాను."

"మన మంచం ఎవరి కొలతకి చేయించారు?"

"మంచమా? అది నాన్న చేయించారు. నా చదువప్పుడు. దానికీ దీనికీ..."

"ఆ మంచానికి కాళ్ళ వైపు చెక్క ఉంది. తల వైపు చెక్క ఉంది. మధ్యలో మీరు పడతారు. నేను పట్టను. కాళ్ళు చాపితే చెక్క, జరిగితే చెక్క. ముడుచుకోక ఏం చెయ్యను? నడిరోడ్డు మీదికి చాపనా?"

షెడ్డులో ఇంకో జంట కారు చూస్తున్నారు. వాళ్ళు చూడటం మానేసి మా వైపు తిరిగారు.

"మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు" అన్నారాయన.

"చూడనివ్వండి. మీరు చూడలేదుగా, కనీసం వాళ్ళయినా చూస్తారు!"

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పావా నువ్వు?"

"కాపురానికొచ్చిన మొదటి వారంలోనే చెప్పాను. నవ్వి, కాస్త పైకి జరుగు అన్నారు. జరిగితే తల ఠంగుమంది. దానికీ నవ్వారు. ఇంక చెప్పబుద్ధి కాలేదు. నా పక్కనే పడుకున్నారు కదా రోజూ. పక్కన మనిషి కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవడానికి కూడా అర్జీ పెట్టుకోవాలా?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "ఆడమనిషి మరీ పొడుగైతే ఇలాంటి ఇబ్బందులుంటాయమ్మా. మనమే సర్దుకుపోవాలి."

"మనమే అంటే ఎవరు బావగారూ? అందులో మీరున్నారా?"

ఆయన టైరు వైపు చూశారు. టై ఆయన సయోధ్య కుదర్చాలని కాబోలు, "మేడమ్, ఐమూలగా పడుకుంటే సరిపోతారు" అన్నాడు. ఐమూలగా పడుకుంటే మా ఆయన ఎక్కడ పడుకుంటారని అడిగాను. అంతదూరం ఆలోచించలేదన్నాడు. నేను ముగ్గుర్నీ అక్కడే వదిలేసి, ఒట్టి కాళ్ళతో షెడ్డు వెనక్కి నడిచాను.

అక్కడ గోడవార ఒక బూడిద రంగు వ్యాను ఉంది. బేకరీ వాళ్ళు వాడి అమ్మేసిందట. పక్క రేకు మీద చెరిపేసిన అక్షరాల మరక ఇంకా ఉంది. టై ఆయన వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"అది మీకు నచ్చదు మేడమ్. సింకు లేదు, అల్మారాల్లేవు. వెనక ఒక సీటు, అది మడిస్తే నేలంతా ఖాళీ. అంతే."

"మా పార్కింగులో దూలం కిందికి దూరుతుందా?"

"దూరుతుంది మేడమ్. మామూలు వ్యాను ఎత్తే."

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మీట లాగి నెడితే సీటు వెనక్కి జరుగుతూనే పోయింది. నేనే ఆపాల్సొచ్చింది. క్లచ్ తొక్కాను. గేరు కదిపాను. వీపు నిటారుగా ఉంది, చూపు అద్దంలోంచి తిన్నగా పోతోంది. తాళం చెవి కోసం చెయ్యి చాపితే, ఈసారి టై ఆయన నా చేతిలోనే పెట్టాడు. షెడ్డు చుట్టూ, వెనక సందులో ఒక చుట్టు తిప్పుకొచ్చాను. క్లచ్ కాస్త బిగువుగా ఉంది, బ్రేకు బాగుంది, ఇంజను చప్పుడులో రోగమేమీ లేదు.

వచ్చి ఆపేసరికి మా ఆయన అక్కడ నిలబడి ఉన్నారు. చేతిలో నా చెప్పులున్నాయి. మొహం చిన్నబోయింది. నాకు జాలి వేయలేదు. వేసి ఉంటే చెప్పేదాన్ని.

వెనక సీటు మడిచాను. నల్ల రబ్బరు పట్టా పరిచిన నేల డ్రైవరు సీటు వెనకనుంచి తలుపు దాకా ఖాళీగా ఉంది. పడుకుంటే తల వెనక చోటుంది, పాదాల అవతల ఇంకా చోటుంది. ఎవరికీ, దేనికీ తగలను. ఇంతకాలం నేను ఆశపడింది ఈ చోటు కోసమే. వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాను.

నా మోకాళ్ళు వాటంతటవే లేచాయి.

నేను లేపలేదు. ఒక్కసారి ఊపిరి వదిలి ఒళ్ళు వదులు చేశానో లేదో, మోకాళ్ళు ముడుచుకుని, మెల్లగా ఒక పక్కకి వాలి, పొట్ట దగ్గరికి వచ్చేశాయి. చెక్క లేదు, గోడ లేదు, తలుపు వెయ్యలేదు. అయినా వచ్చేశాయి. చాపి పెట్టాను. చెయ్యి తీయగానే మళ్ళీ వచ్చాయి. తొడల వెనక నరం లాగుతోంది. నా కాళ్ళకి నా పొడుగు గుర్తులేదు.

"చూశావా, నే చెప్పలేదూ, అలవా..." అని గుమ్మం దగ్గర మా ఆయన మొదలుపెట్టారు. నా మొహం చూసి ఆగిపోయారు.

అప్పుడు వచ్చిన కోపం అరవడానికి పనికొచ్చేది కాదు. గొంతులోకి కూడా రాలేదు. ఆయన మాట నిజమైపోయింది. అబద్ధమైతే తిట్టి ఊరుకునేదాన్ని. నన్ను ముడిచి ముడిచి, చివరికి అది నా అలవాటే అయ్యేదాకా ముడిచి, ఇప్పుడు చూశావా అంటున్నారు. కళ్ళ పక్కలనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు.

ఆయన చెప్పులు కింద పెట్టి, లోపలికి వంగి, నా మోకాలి మీదికి చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మరి ఏం చెయ్యమంటావు?" అన్నారు. నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"వెళ్ళి కాగితాలు రాయించండి. ఈ బండికి. నా పేరు మీద."

"ఇందులో సింకు..."

"నా పేరు మీద."

ఆయన వెళ్ళారు. బూట్ల చప్పుడు ఆఫీసు గది దాకా వినిపించి ఆగింది. నేను లేచి కూర్చుని, రెండు చేతులతో కుడి మోకాలిని పట్టాకి నొక్కాను. తర్వాత ఎడమది. నొక్కి పట్టుకుని అలాగే వెనక్కి వాలాను. నరాలు భగ్గుమన్నాయి. పళ్ళు బిగబట్టి, చేతులు ఒక్కొక్కటే తీశాను. కుడి కాలు కాసేపు ఆగింది. ఎడమ మోకాలు మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కాను.