చెరుకుతోటలో ఐదుగురు

వీడ్కోలు సభలో అందరినీ నవ్వించే పని తన మీద పడ్డప్పటి నుంచి వసంతకు అన్నం సరిగ్గా దిగడం లేదు.

బోధన్ రోడ్డు మీది ఆ హైస్కూల్లో ప్రతి ఏడూ మెట్రిక్ పరీక్షలకు ముందు సభ పెడతారు. మెట్రిక్ తరగతి నుంచి ఒకరు లేచి, ఆ బడిలో తాము గడిపిన ఏళ్ల గురించి సరదాగా మాట్లాడాలి. 1967లో ఆ ఒకరు వసంత. ఇంటర్వెల్లులో ఆమె డ్రిల్లు సారు నడక నడిచి చూపిస్తే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. అందుకే అదే తరగతి దేవిదాస్ ఆమె పేరు చెప్పాడు. తరగతంతా చేతులెత్తింది.

"ఏది చెప్పకున్నా మంచిదే గని, చెరుకుతోట ముచ్చట మాత్రం ఇడువకు," అన్నాడు దేవిదాస్. "గా ముచ్చట లేకుంటే సభ ఎందుకు?"

చెరుకుతోట ముచ్చట ఆ తరగతిలో తెలియనివాళ్లు లేరు. వాళ్లు ఆరో తరగతిలో ఉన్నప్పుడు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ రోజు ఐదుగురు మగపిల్లలు బడిలో లేరు. రోడ్డు పక్కన చెరుకుతోటలో కూర్చుని గడలు నములుతున్నారు. సరిగ్గా ఆ తోట ముందే, కాల్వ నీళ్లు పారి బురదైన చోట, ఇన్‌స్పెక్టరు జీపు దిగబడింది. ఆయన దిగి చూస్తే చెరుకు ఆకుల్లోంచి ఐదు మొహాలు. "మీకు బడి లేదా?" అని అడిగాడు. బాలన్న అనే పిల్లవాడు తడుముకోకుండా, "మేము బడి పిలగాండ్లం గాదు సార్, పందులను ఎల్లగొట్టెటోళ్లం," అన్నాడు. ఐదుగురూ కలిసి జీపును తోసి గట్టెక్కించారు. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి పెద్దసారుతో, "తోట కాపలా పిల్లలు మహా చురుగ్గా ఉన్నారండీ, వాళ్లను కూడా బడిలో చేర్చుకోండి," అని చెప్పి పోయాడు.

ఐదేళ్లుగా ఈ ముచ్చట ఎవరు ఎన్నిసార్లు చెప్పినా తరగతి నవ్వింది.

సభకు ముందురోజు హెడ్‌మాస్టరు రాజారాం సార్ వసంతను తన గదికి పిలిపించారు. అందరూ ఆయనను పెద్దసారు అంటారు. తెల్లని ధోవతి, గుండీలు మెడదాకా పెట్టుకున్న కోటు. పిల్లలను కొట్టే రోజుల్లో బాగా కొట్టేవారు. ఈ మధ్య దగ్గు ఎక్కువై బెత్తం పట్టడం మానేశారు.

"రేపు ముఖ్య అతిథిగా బాపురావు గారు వస్తున్నరు," అన్నారు. "నిజామాబాద్‌ల ఇప్పుడు పెద్ద ఆఫీసరు. అప్పుడు మన బడికి ఇన్‌స్పెక్టరుగా వచ్చింది ఆయననే."

వసంత చటుక్కున తలెత్తింది.

"ఆ చెరుకుతోట ముచ్చట..." పెద్దసారు దగ్గి, కిటికీ వైపు చూశారు. "అది వద్దు బిడ్డా. మిగిలినయి ఏమన్న చెప్పుకో."

"మంచిది సార్."

"నీ టీచర్ ట్రైనింగు స్కూలు దరఖాస్తు మీద నేను సిఫారసు రాసిన. రేపు పంపిస్త."

బయటికి వచ్చాక ఆమెకు కొంచెం తేలికైంది. చెప్పొద్దని పెద్దసారే అన్నారు కాబట్టి ఇక దేవిదాస్ ఎంత గోల చేసినా తన తప్పు కాదు. బోరింగు దగ్గర సీమోను ఆమె కోసం నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తరగతిలో చివరి బెంచీ. ఆ చెరుకుతోట ఐదుగురిలో ముగ్గురు ఎప్పుడో బడి మానేశారు. మిగిలింది బాలన్న, సీమోను.

"రేపు మా అవ్వ వస్తున్నది సభకు," అని తల్లి సంగతి చెప్పాడు సీమోను. "చెరుకుతోట ముచ్చట చెప్తున్నవ్ గదా?"

"ఎందుకు? నీకు గా ముచ్చట వింటే నవ్వొస్తదా?"

"నవ్వుకు గాదు." అతను కాలితో బురదను గీశాడు. "అందరు మేము బడి ఎగ్గొట్టి పోయినమనే చెప్తరు. మేము పోలే వసంతా. ఆ పొద్దు పెద్దసారు మమ్ముల ఐదుగురిని పక్కకు పిలిచి, ఇన్‌స్పెక్టరు పోయేదాక తోటల కూసోండ్రి, రోడ్డు మీదికి రావొద్దు అన్నడు. మాకు సదువు రాదని. తెల్లారి సారు మమ్ముల కొట్టింది గూడ బడికి రానందుకు గాదు, రోడ్డు మీదికి వచ్చినందుకు."

ఐదేళ్లు ఒకే గదిలో కూర్చుని ఈ సంగతి వసంత ఎప్పుడూ అడగలేదు.

"మా అవ్వ అదే తోటల ఆ కొసన చెరుకు కొడుతున్నది," అన్నాడు సీమోను. "నేను జీపు తోసేది సూసింది. గడతోటి కొట్టింది. పెద్దసారే పంపిండు అవ్వా అంటే, సారు మీద అబద్ధం చెప్తవా అని ఇంకా కొట్టింది. ఇప్పటికి గూడ నమ్మది. కోపమొస్తే, అబద్ధాలోడా అంటది. నువ్వు చెప్తే నమ్ముతది."

"పెద్దసారు వద్దన్నరు సీమోను."

అతను "సరే మరి," అని వెళ్లిపోయాడు. కోపంగా పోయినా బాగుండేది. వద్దంటే ఊరుకోవడం అతనికి అలవాటే అన్నట్టు పోయాడు.

మరునాడు మధ్యాహ్నం బడి ముందర షామియానా వేశారు. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన గాలి మీద వచ్చిపోతోంది. ముందు వరుసలో కుర్చీలు, వెనక జంపఖానాలు. ఆడవాళ్ల వైపు చివరన సీమోను తల్లి శారమ్మ కొడవలి పక్కన పెట్టుకుని కూర్చుంది. కోతల కాలం కాబట్టి తోట నుంచి సరాసరి వచ్చినట్టుంది, కొంగుతో మోచేతుల మీది చెరుకాకు గీతలను కప్పుకుంటోంది. బాపురావు గారు స్టేజీ మీద నడిమి కుర్చీలో, పక్కన పెద్దసారు.

వసంత లేచింది. "గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికీ..." అని మొదలుపెట్టేసరికి గొంతు కీచుమంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. కంఠస్థం చేసిన మాటలన్నీ ఎగిరిపోయాయి. ఇక గత్యంతరం లేక ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఆరో తరగతిల మా గదికి, ఉర్దూ మీడియం గదికి నడుమ తడికె ఉండె. ఆళ్లు దో దూనీ చార్ అని అరుస్తుంటే మేము రెండు రెళ్లు నాలుగు అని అరుస్తుంటిమి. ఆళ్లది మాకు, మాది ఆళ్లకు అంటుకున్నది. లెక్కల సారు లేపి మూడు రెళ్లెంతరా అని అడిగితే దేవిదాస్ ఆరు అనకుండ ఉర్దూల 'ఛే సార్' అన్నడు. తప్పని కొడదామంటే అది తప్పు గాదాయె. సారు బెత్తం పట్టుకొని అట్లనే నిలబడ్డడు."

జనం నవ్వారు. వసంతకు కొంచెం ఊపిరి అందింది. అర్ధసంవత్సర పరీక్ష రోజు గదిలోకి వచ్చిన బర్రె గురించి చెప్పింది. అది బాలన్న జవాబు పేపరు నమిలి మింగితే, వాడు ఏడవకుండా, "నాకు పాసు మార్కులు వేయుండ్రి సార్, నేను రాసింది బర్రెకు కూడ నచ్చింది," అన్నాడట. బాపురావు గారు కుర్చీలో ఊగిపోయారు. పెద్దసారు కూడా నవ్వారు. బర్రెతో ముగించి కూర్చుందామని ఆమె దండం పెట్టబోయింది.

"చెరుకుతోట!" అని వెనక నుంచి దేవిదాస్ అరిచాడు. వెంటనే తరగతంతా అందుకుంది. "చెరుకుతోట! చెరుకుతోట!"

పెద్దసారు నవ్వు ఆగిపోయింది. బాపురావు గారు ముందుకు వంగి, "ఏమిటమ్మా అది? చెప్పు, మేమూ వింటాం," అన్నారు.

వసంత తరగతి వైపు చూసింది. అరిచేవాళ్లలో సీమోను లేడు. అతను నేల చూస్తున్నాడు.

ఆమె చెప్పింది. అందరికీ తెలిసినట్టే, తోట, జీపు, బురద, ఆకుల్లోంచి మొహాలు. బాలన్న మాట వచ్చేసరికి షామియానా అదిరేలా నవ్వారు. బాపురావు గారు చటుక్కున లేచి, "అరె! ఆ జీపులో ఉన్నది నేనే!" అన్నారు. ఇంకో నవ్వు. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "అయితే బడి ఎగ్గొట్టి తోటలో దూరారన్నమాట దొంగలు!" అన్నారు.

అక్కడితో అయిపోయేది. అవును సార్ అని కూర్చుంటే చాలు. పెద్దసారు కళ్లు మూసుకుని ఊపిరి వదలడం వసంత చూసింది. అందరితోపాటు శారమ్మ కూడా నవ్వుతోంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కొడుకు చేసిన పనికి కొంచెం సిగ్గుపడుతూ.

"ఎగ్గొట్టలే సార్," అంది వసంత. "పంపిండ్రు."

"పంపారా? ఎవరు?"

నవ్వు ముందు వరుస నుంచి వెనక్కి ఆగుతూ పోయింది. వసంత పెద్దసారు వైపు చూసింది. పేరు చెప్పలేకపోయింది. పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేను సార్," అన్నారు పెద్దసారు లేచి. "సదువుల ఎనుకబడ్డ పిలగాండ్లు. మీరు అడిగితే జవాబు చెప్పరని, బడి పేరు పోతదని భయపడ్డ. తోటల కూసొమ్మన్న. తెల్లారి కొట్టిన గూడ."

రోడ్డు మీద ఫ్యాక్టరీకి పోతున్న చెరుకు బండ్ల ఇరుసులు కిర్రుమంటున్నాయి. బాపురావు గారు సభ వైపు తిరిగారు.

"ఆ ఐదుగురిలో ఇక్కడ ఎవరున్నారు?"

సీమోను, బాలన్న లేచారు. "పైకి రండి," అన్నారాయన. మెట్లెక్కుతూ బాలన్న, "ఇప్పుడు ఎక్కాలు అడుగుతడారా?" అని గొణగడం వసంతకు వినిపించింది. మామూలప్పుడైతే ఆమె నవ్వేది.

"ఆ రోజు నేను మిమ్మల్ని ప్రశ్నలు అడగాల్సింది," అన్నారు బాపురావు గారు. "మీరు తరగతిలో ఉండి, నేను అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లు?"

బాలన్న సీమోనును మోచేత్తో పొడిచాడు. సీమోను చేతులు కట్టుకున్నాడు.

"ఏం చెప్పకపోతుంటిమి సార్. మాకేం రాకపోతుండె." ఒక్క క్షణం ఆగి, అదొక మామూలు సంగతిలా అన్నాడు, "రాదనే గదా సార్ బడికొచ్చినం."

బాపురావు గారు తన కండువా సరిచేసుకున్నారు. ఆయన ఉపన్యాసం చాలా చిన్నదిగా అయిపోయింది. జీపు బురదలోంచి బయటపడగానే తాను వెళ్లిపోయాననీ, తోసిన పిల్లల పేర్లు కూడా అడగలేదనీ మాత్రం చెప్పారు. మిర్చి బజ్జీలు ముట్టకుండా లేచారు. జీపెక్కుతూ పెద్దసారుతో, "రేపు ఒకసారి ఆఫీసుకు రండి," అన్నారు. ఆ మాట అందరికీ వినిపించింది.

"ఏం పని చేసినవే?" అన్నాడు దేవిదాస్ వసంత దగ్గరికి వచ్చి. మొహం పాలిపోయి ఉంది. "పెద్దసారు నౌకరీ పోతే?"

వసంత పెద్దసారు దగ్గరికి వెళ్లింది. ఆయన సీమోనుతో కలిసి జంపఖానా మడత పెడుతున్నారు. చెరో కొసా పట్టుకుని, దగ్గరికి వస్తూ, మళ్లీ దూరం జరుగుతూ.

"తప్పయింది సార్," అంది.

"నీదేం లేదు బిడ్డా. పోయి పరీక్షకు సదువుకో." ఆయన ఆమె వైపు చూడలేదు.

ఇంటికి పోయే దారిలో వసంతకు ముందు శారమ్మ, సీమోను నడుస్తున్నారు. కాల్వ వంతెన దగ్గర తల్లి ఆగింది.

"ఆ పొద్దు గట్టిగ తాకిందా కొడుకా?"

"మర్సిపోయిన అవ్వా."

"నేను మర్సిపోలే. గడ ఇరిగింది." శారమ్మ కొంగుతో మొహం రుద్దుకుంది. "గంత పెద్ద సారు గట్ల చేస్తడని నాకెట్ల తెలుస్తది? నువ్వైతే చెప్తనే ఉంటివి."

సీమోను తల్లి చేతిలోని కొడవలి తీసుకుని తాను పట్టుకున్నాడు. వసంత వాళ్లను దాటిపోలేక వెనకనే మెల్లగా నడిచింది.

మరునాడు ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. అయినా పొద్దు వాలేసరికి తరగతి సగం బస్సు ఆగే చోట చేరింది. చేతుల్లో పుస్తకాలున్నాయి, చదివేవాళ్లు లేరు. నిజామాబాద్ బస్సు ఒకటి వచ్చింది, పెద్దసారు దిగలేదు. బాలన్న గోళ్లు కొరుక్కుంటూ, "బర్రె ముచ్చట కాడనే ఆపితే అయిపోతుండె," అన్నాడు. పెద్దసారు నౌకరీ పోతే వసంత ఊళ్లో తన మొహం ఎలా చూపించాలి? తన దరఖాస్తు ఆయన పంపి ఉంటారా? ఈ సమయంలో అది గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

రెండో బస్సులో ఆయన దిగారు. కోటు దుమ్ము కొట్టుకుని ఉంది. వరుసగా నిలబడ్డ పిల్లలను చూసి ఆగారు.

"పరీక్షలు పెట్టుకొని ఈడ ఏం పని మీకు?"

"ఏమన్నరు సార్?" అని దేవిదాస్ అడిగేశాడు.

"అనేది అన్నరు. పడ్డ." ఆయన గొడుగు చంకలో పెట్టుకున్నారు. "నౌకరీ ఉన్నది, ఫికర్ చేయకుండ్రి. సీమోను, రేపు పొద్దుగాల లెక్కల పుస్తకం పట్టుకొని ఇంటికి రా. బాలన్న ఏడి? వాన్ని గూడ తీస్కరా."

బాలన్న అప్పటికే దేవిదాస్ వెనక దాక్కున్నాడు.

వసంత దరఖాస్తు సభ జరిగిన పొద్దున్నే పోస్టులో పడిందని ఆమెకు తర్వాత తెలిసింది. జూన్‌లో ఫలితాలు వచ్చినప్పుడు ఆమె పాసైంది. బాలన్న తప్పి, నాన్నతో పొలానికి పోయాడు. సీమోను లెక్కల్లో తప్పి సెప్టెంబరులో మళ్లీ రాశాడు. ఆ వానాకాలమంతా అతను పెద్దసారు ఇంటి వరండాలో కూర్చుని లెక్కలు చేశాడు. ఒక్కరోజు రాకపోతే ఆయన గొడుగేసుకుని శారమ్మ గుడిసె దాకా వచ్చి, "పిలగాడు ఏడి?" అని అడిగేవారు. సెప్టెంబరులో అతను గట్టెక్కాడు, అత్తెసరు మార్కులతో.