వెన్నదొంగ కీర్తన

రమణమూర్తి మాస్టారు పాడితే చోడవరంలో గేదెలు పాలివ్వడం మానేస్తాయని అంటారు గానీ, అది అబద్ధం. ఇస్తాయి. కాకపోతే పెరుగిస్తాయి.

ఆయన పాట మీద గౌతమికి కోపం లేదు. ఆయన పక్కన వయొలిన్ వాయించేది తనే కదా, చెవులు అలవాటు పడిపోయేయి. కోపమల్లా ముద్ర మీద. కీర్తన కట్టినోళ్లు చరణంలో తమ పేరు ఇమిడ్చి పెట్టుకుంటారు, అదే ముద్ర. గౌతమి మామ్మ కామాక్షమ్మ పోపు వేగేలోపు కీర్తన కట్టేసి, అందులో 'కామాక్షి' అని పెట్టుకుంటుంది. మాస్టారు వస్తాడు, కాఫీ తాగుతాడు, పాట నేర్చుకుంటాడు, కామాక్షిని దించేసి ఆ సీట్లో రమణమూర్తిని కూర్చోబెడతాడు. అలా సంపాదించిన శాలువాలతో మాడుగుల నుంచి పాడేరు దాకా రోడ్డుకి దుప్పటి కప్పొచ్చు.

మొన్న యూట్యూబ్ ఇంటర్వ్యూలో ఎవరో అడిగితే, "కామాక్షమ్మగారా? మా వీధిలో ఆవిడే. కాఫీ బాగా పెడతారు" అన్నాడు. ఆ పూట మామ్మ అన్నం తినలేదు. ఆ తర్వాత పాటే కట్టలేదు.

నీ నోటితోనే సెప్పిస్తాను మాస్టారూ, అనుకుంది గౌతమి.

"మామ్మా, కృష్ణుడి మీద ఒకటి కట్టు. చరణం మటుకు నేను సెప్పినట్టు ఉండాలి: వెన్నదొంగను నేను కామాక్షినుతుని కొలిచేను."

కామాక్షి పొగిడిన వెన్నదొంగని కొలుస్తానని అర్థం. మామ్మ తాళం వేస్తూ పాడి చూసి, ఠక్కున ఆగిపోయింది. "ఒసే! 'వెన్న' దగ్గర తాళం అయిపోతంది. కొత్త చుట్టు 'దొంగను నేను' అని మొదలౌతంది. దాని వెనకాలే పేరు!"

"అందుకే మరి."

"వాడికి బుద్ధొచ్చి నా పేరే ఉంచేసేడనుకో? ఊరందరి ముందూ దొంగని నేనౌతానే గుంటా!"

"బుద్ధా? మాస్టారికా?" అన్నాది గానీ, ఆ అనుమానం గౌతమికీ ఉంది.

మాస్టారు ఎప్పట్లాగే వచ్చి, కాఫీ తాగి, పాట నేర్చుకెళ్లేడు. కల్యాణమండపంలో కచేరీ. బుచ్చయ్యపేట నుంచి, కె.కోటపాడు నుంచి చెరుకు రైతులు తండోపతండాలుగా వచ్చేరు, ఆఖర్న పులిహోర ఉందని. ముందు వరసలో మామ్మ. మాస్టారు మైకు దగ్గరకు లాక్కున్నాడు. "ఇప్పుడో కొత్త కీర్తన. రచన..." అని మామ్మ వైపు చూసేడు. గౌతమి ఎత్తబోయిన వయొలిన్ కమానుని దించేసింది. 

"...నాదే," అన్నాడు.

గౌతమి హాయిగా కమాను ఎత్తింది.

చరణం వచ్చింది. ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి పాడ్డం మాస్టారికి మహా ఇష్టం. తన పేరు దగ్గర చప్పట్ల కోసం ఆగడం ఇంకా ఇష్టం.

"దొంగను నేనూ... రమణమూర్తీ..." గుండె మీద చెయ్యేసుకుని ఆగేడు.

ఒక్క చప్పట లేదు. అదే ముక్కని గౌతమి వయొలిన్ మీద పరమ భక్తిగా పలికించింది. పక్కన వాయించేవాళ్ల ధర్మం అది. మాస్టారు పంతం పట్టి ఇంకా పై స్థాయిలో అందుకున్నాడు. "దొంగను నేనూ... రమణమూర్తీ..."

వెనక నుంచి గణపతిరావనే రైతు లేచేడు. "ఏటి ఎత్తుకెళ్లిపోనావు బాబూ? సెప్పీ, మేం ఏటీ అనం."

"మా పొలంలో మోటారైతే తెచ్చియ్యి!" అన్నాడు ఇంకొకడు.

ఆ నవ్వులకి మండపం పైకప్పు లేచి అనకాపల్లిలో పడింది.

"అలా విడగొట్టకూడదయ్యా!" మాస్టారు చెమట తుడుచుకున్నాడు. "వెన్నదొంగంటే కృష్ణుడు!"

"మరి రమణమూర్తెవలు?"

"నేనే!"

"మేఁవూ అదే కదేటి అంటన్నాం!"

మాస్టారు మైకు పీక పట్టుకుని అరిచేడు. "ఈ పాట నాది కాదు బాబూ! కామాక్షమ్మగారిది! ఆవిడ పేరు తీసేసి నా పేరు పెట్టుకున్నానంతే!"

గణపతిరావు నెమ్మదిగా కూర్చుంటూ, "అయితే పాట కరెక్టే," అన్నాడు.

జనమంతా మామ్మ వైపు తిరిగేరు. మామ్మ కొంగు సర్దుకుని, తొడ మీద తాళం వెయ్యడం మొదలెట్టింది.

"ఆపెయ్యవే తల్లీ," అన్నాడు మాస్టారు గౌతమి వైపు వంగి.

గౌతమి కమాను దించలేదు. "రెండో కాలం ఉంది కదండీ మాస్టారూ," అని, అదే ముక్క రెట్టింపు వేగంతో ఎత్తుకుంది. ఈసారి హాలంతా కలిసి పాడింది.