మారెమ్మ కొంగులో తాళంచెవులు

నలభై ఇళ్లకు తాళాలు పడుతున్న పొద్దున, బడి ముందు మైకు పట్టుకుని "మన ఊళ్లో వలస లేదు" అన్నాడు దేవేంద్రప్ప. చూపు బాగానే ఉన్న మనిషే. అధికార పార్టీ శిక్షణ తరగతుల్లో సిద్ధాంతం బోధిస్తాడు. తమ పాలనలో వలస ఉండదని వాళ్ల పుస్తకంలో రాసుకున్నారు. కాబట్టి లేదు.

అతని ఎదురుగానే లారీల్లోకి మూటలు ఎక్కుతున్నాయి. వాన లేక పత్తి ఎండిపోయింది. జనం గుంటూరు మిరప కోతలకు బయలుదేరారు. కోతల కాలంలో ఇలా కూలికి పోవడాన్నే ఇక్కడ సుగ్గి అంటారు. అలా పోయేవాళ్ల పిల్లల కోసం ఏటా బడిలోనే హాస్టల్ నడిచేది. ఈసారి వలస లేదని బడి కమిటీ చైర్మన్‌గా ఈ మేధావి సంతకం పెట్టాడు. హాస్టల్ తెరవలేదు. నాగవేణి కూతురు రాధిక తొమ్మిదో తరగతి. దాని పుస్తకాల సంచీ కూడా లారీ ఎక్కింది.

"అన్నా, పిల్లను యాడ ఇడిసిపెట్టల్ల?" అని నాగవేణి అడిగింది.

"మీరు పోయేది వలస కాదమ్మా. నాలుగూర్లు సూసొచ్చేకి పోతాండారు."

సుగ్గికి పోయేవాళ్లంతా ఇంటి తాళంచెవి మారెమ్మకు ఇచ్చి పోతారు. ఆ ముసలామె కొంగుముడి విప్పి అతని బల్ల మీద కుమ్మరించింది.

"నలభై ఇండ్లవప్పా. ఏ ఇల్లయినా తెరువు. లోపల ఒక్క మనిషిని సూపించు, లారీ దిగమంటా."

అతను తాళంచెవుల వైపు చూడలేదు. ఇది ప్రతిపక్షాల కుట్ర అని కాగితం మీద రాసుకున్నాడు. ఆ బడిలోనే పాఠాలు చెప్పే నాకు ఒళ్లు మండింది. అబద్ధాలకోరుకైనా నిజం ఏదో తెలుస్తుంది. ఈ రకం మనిషికి అదీ అక్కర్లేదు.

మారెమ్మ తాళంచెవులు మళ్లీ ముడేసుకుంది.

"పోదాం పాండి, కోతలకు పిలిసిన మేస్త్రీ అరుస్తాడు," అన్నాడు నాగవేణి మొగుడు జయన్న.

"పోదాం. ముందు ఆదోనికి," అంది నాగవేణి.

ముందు లారీ డ్రైవర్ సామ్సన్ బిడ్డా ఆ హాస్టల్లో చదివినదే. బండి ఆదోని వైపు తిప్పాడు, మిగతా లారీలూ వెనకే వచ్చాయి. మారెమ్మతో పాటు నేనూ ఎక్కాను.

ఆదోనిలో సబ్ కలెక్టర్ ఆఫీసు మెట్ల మీద, హాస్టల్ తెరవమంటూ చాపలు పరిచాం. పిల్లలు పుస్తకాలు తెరిచారు. మధ్యాహ్నానికి ఎస్సై వచ్చాడు.

"ఆ ఊళ్లో వలస లేదని రిపోర్టు ఉంది. మీరెవరో బయటోళ్లు," అంటూ మారెమ్మను జీపెక్కించాడు. మిగతావాళ్లను ఇళ్లకు పొమ్మన్నాడు.

"ఎట్ల పోవల్ల సార్? మా తాళంసెవులు ఆయమ్మ కొంగులో ఉండాయి," అంది నాగవేణి. "ఆయమ్మ యాడుంటే మేమూ ఆడనే."

నలభై కుటుంబాలు జీపు వెనకే నడిచాయి. స్టేషన్ ముందు చాపలు మళ్లీ పరిచాం. ఊళ్లో దేవేంద్రప్ప మాత్రం జనమంతా ఇళ్లల్లోనే ఉన్నారని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడట.

సాయంత్రం ఎస్సై మారెమ్మను వెళ్లిపొమ్మన్నాడు. ఆమె బెంచీ మీద నుంచి లేవలేదు.

"హాస్టల్ తలుపు తెరిపియ్యి నాయనా. అంతవరకు ఎవురి తాళంసెవీ ఇయ్యను."

అప్పుడే హాలహర్వి నుంచి సుగ్గికి పోతున్న ఇంకో లారీ స్టేషన్ ముందు ఆగింది. ఏం జరిగిందని అడిగారు. చెప్పాం. వాళ్లూ పిల్లల్ని దించి, మూటలు దించడం మొదలుపెట్టారు.